ఎవరూ ఏడవని రాయి

కొత్తపేట,
14 జూలై 2024

ప్రియమైన అక్కకు,

ప్రభువు నామంలో వందనాలు. నేను క్షేమం. రోజూ ఉదయం ప్రార్థనలో నీ పేరు తప్పకుండా ఎత్తుతున్నాను.

ఇవన్నీ ఫోనులో చెప్పవలసిన మాటలే. కానీ నీ ఫోను మీ మేడమ్ బీరువాలో ఉంటుంది, శుక్రవారం ఇచ్చినా ఆవిడ పక్కనే కూర్చుంటుంది. అందుకని మామూలుగానే, కువైట్‌కీ ఊరికీ తిరిగే దానం అన్నయ్య కార్గో సంచిలో ఉత్తరం వేస్తున్నాను. మాగాయ సీసా కూడా పెట్టాను. మూత బిగించి గుడ్డ కట్టాను గానీ, కాగితానికి నూనె అంటితే ఏమీ అనుకోకు.

శుభవార్త ఏమిటంటే, జాస్మిన్ వాళ్ళ నాన్నగారు సంబంధానికి ఒప్పుకున్నారు. ఆయన రాజోలులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చాలా పద్ధతైన మనిషి. క్రిస్మస్ వెళ్ళాక డిసెంబరు 28న మన చర్చిలోనే ప్రధానం. పాస్టరుగారు ఉంగరం మీద ప్రార్థన చేసి ఇస్తే, నేను జాస్మిన్ వేలికి తొడగాలి. అమ్మ కూర్చోవలసిన కుర్చీలో నువ్వు కూర్చోవాలి. ఇంకో సంగతి, జూనియర్ లెక్చరర్ల లిస్టులో నా పేరు వచ్చింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటీ అయిపోతే ఆర్డరు చేతికొస్తుంది.

ఉంగరం దగ్గరే చిన్న ఇబ్బంది వచ్చింది. జాస్మిన్ సోషల్ వర్క్ చదివింది కదా, వజ్రాల గనుల్లో పసిపిల్లల చేత మట్టి మోయిస్తారట, ఆ వజ్రాలు అమ్మి తుపాకులు కొంటారట, అవన్నీ చదివింది. కెంపులూ అలాంటివేనట. ముత్యమైతే ఆల్చిప్పను చంపాలి. "నా వేలి మీద ఉండే రాయి కోసం ఎక్కడా ఎవరూ ఏడిచి ఉండకూడదండి" అంది. అక్కా, ఈ రోజుల్లో ఇలాంటి మనసున్న అమ్మాయి ఎక్కడ దొరుకుతుంది చెప్పు. అమలాపురంలో నాలుగు షాపులు తిరిగాను. రాయి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, "బొంబాయి నుంచండి" అంటారు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

నీకు తోచిన సలహా రాయి.

ప్రభువునందు నీ తమ్ముడు,
శ్యామ్ సుందర్


కువైట్,
2 ఆగస్టు 2024

ఒరేయ్ తమ్ముడూ,

మాగాయ అందింది, ఉత్తరమూ అందింది. నూనె నీ ప్రార్థన మాటల మీదే పడింది. మిగతాదంతా చదవగలిగాను.

ఆల్చిప్ప చస్తుందని ముత్యం వద్దందా మీ జాస్మిన్? ఈ నెలలో గోదాట్లో పులస పడుతుంది కదా, వాళ్ళింట్లో పులుసు పెట్టినప్పుడు ఆ పిల్ల కంచం పక్కకి జరిపేస్తుందేమో అడిగి రాయి. ఊరికే అంటున్నానులే, కోపం తెచ్చుకోకు. ఫోటోలో పిల్ల బాగుంది. కళ్ళజోడు ఒక్కటీ ముక్కు మీదకి జారింది, బిగించుకోమను.

నీ పేరు లిస్టులో వచ్చిందని ఇక్కడ శుక్రవారం కూడికలో అందరికీ చెప్పాను. కె.గంగవరం వీరాయమ్మ పక్కింట్లో పనిచేస్తుంది. "మీ తమ్ముడు గారు లెక్చరరు అయిపోయేరు, ఇంక మాలాంటోళ్ళతో మాట్లాడతారా అండీ" అంది. దాని కొడుకు ఇంటర్ తప్పాడు. దాని ముఖం చూసి నాకు లోపల సంతోషంగానే ఉంది.

డిసెంబరులో సెలవిస్తానని మామా అంది. ఇక్కడ ఇంటావిడని మామా అనాలి. పాస్‌పోర్టు ఆవిడ దగ్గరే ఉంది, ఇరవై తారీకు దాటాక చేతికిస్తానంది. అమ్మ పోయినప్పుడు నన్ను పంపలేదు. అమ్మ సమాధి ఎలా కట్టించావో కూడా నాకు తెలియదు. ఈసారి వచ్చి తీరాలి. నీ ప్రధానం ఒక వంక, అమ్మ దగ్గర కూర్చోవడం నా అసలు పని.

రాయి కోసం షాపుల చుట్టూ తిరగకు. నా దగ్గర ఒకటుంది. పచ్చ రాయి పొదిగిన పాత ఉంగరం. మామాకి అత్తగారు ఒకావిడ ఉంది, మంచం మీదే ఉంటుంది, ఆవిడ పనంతా నాదే. ఆవిడే నాకిచ్చింది. దానం అన్నయ్య లోపలి జేబులో పెట్టి పంపుతున్నాను. ఎవరిచ్చారని బయట చెప్పకు. అక్క పంపిందను, చాలు.

ప్రేమతో, కాస్త వెక్కిరింతతో,
అక్క కృపావతి


కొత్తపేట,
25 ఆగస్టు 2024

ప్రియమైన అక్కకు,

వందనాలు. ఉంగరం చేరింది. రాయి చాలా బాగుంది. కొబ్బరాకు మీద వాన పడ్డాక ఎండ వచ్చినట్టుంది. నీ ప్రేమకు జాస్మిన్, నేను ఎంతో కృతజ్ఞులం.

పులస గురించి జాస్మిన్‌తో అనలేదు. నొచ్చుకుంటుంది.

అయితే నువ్వు తప్పుగా అనుకోనంటే కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ఇవి జాస్మిన్ అడిగినవే అయినా, నాకూ న్యాయంగానే తోచాయి. ఆ పెద్దావిడ మంచం మీద ఉందన్నావు, ఆవిడకి మతి స్థిమితం ఉందా? తాను ఏమిస్తోందో తెలిసి ఇచ్చిందా? ఇంట్లో వాళ్ళకి తెలుసా? తెలియకపోతే ఎందుకు తెలియలేదు? బయట చెప్పవద్దని నువ్వెందుకన్నావు? అక్కా, నలుగురిలో చెప్పుకోలేని వస్తువు మీద ఏదో ఒక మచ్చ ఉన్నట్టే కదా. "మీ అక్క గారు మంచోరేనండి, కానీ మనకి తెలియాలి కదండీ" అంది జాస్మిన్.

నువ్వు దొంగతనం చేశావని నేను అనడం లేదు. ఆ మాట నా నోట రాదు. జరిగింది జరిగినట్టు రాస్తే మా మనసులు నిమ్మళిస్తాయి.

ప్రభువునందు,
శ్యామ్ సుందర్


కువైట్,
13 సెప్టెంబరు 2024

తమ్ముడూ,

దొంగతనం చేశానని అనలేదన్నావు. అనలేదని చెప్పడానికి ఆ మాట రాయవలసి వచ్చింది కదా. సరే, పద్ధతైన ఇంటికి అల్లుడివి కాబోతున్నావు.

జరిగింది రాస్తున్నాను, విను. ముసలమ్మకి మతి వస్తుంది, పోతుంది. పోయిన రోజున నన్ను తన చెల్లెలనుకుంటుంది, ఒక్కోసారి గిన్నె నా మీదకి విసురుతుంది. వచ్చిన రోజున నాకంటే తెలివిగా మాట్లాడుతుంది. మామా ఆ గదిలోకి వాసన వస్తుందని రాదు. కొడుకు పండగకి వచ్చి నుదుటి మీద ముద్దు పెట్టి పోతాడు. స్నానం, మందులు, పుండ్లు తుడవడం, అన్నీ నేనే. కిందటి రంజాన్ వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆవిడ కాళ్ళకి నూనె రాస్తున్నాను. నన్ను పేరు పెట్టి పిలిచింది. నీకు పెళ్ళెందుకు కాలేదని అడిగింది. అమ్మ జబ్బు, తమ్ముడి చదువు అన్నాను. వేలి నుంచి ఉంగరం ఊడదీసి నా గుప్పిట్లో పెట్టి మూసింది. ఇది మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చింది, నువ్వు పెళ్ళి చేసుకో, దీన్ని పెట్టుకో, కోడలికి చెప్పకు, అది నా గాజులన్నీ నేను బతికుండగానే తీసేసుకుంది అంది. మతి ఉండే మాట్లాడింది. నా మీద ఒట్టు.

అది నా పెళ్ళికి ఇచ్చిన రాయిరా. నా పెళ్ళి ఇంక ఎక్కడ ఉంది? నీ పెళ్ళికి పనికొస్తుందని పంపాను. పంపే ముందు ఒక శుక్రవారం మధ్యాహ్నం బాత్రూములో గొళ్ళెం పెట్టుకుని ఒకసారి తొడుక్కుని చూసుకున్నాను కూడా. నాకు సరిగ్గా సరిపోయింది.

మళ్ళీ చెబుతున్నాను. ఈ సంగతి నీ నోరు దాటకూడదు. ఇక్కడ పనిమనిషి మాటకి విలువ లేదు. మామాకి తెలిస్తే నా పాస్‌పోర్టు సంగతి మర్చిపోవాలి. జాస్మిన్‌కి చెప్పుకో, ఆ పిల్ల దగ్గరే ఆగాలి.

అమ్మ సమాధికి సున్నం వేయించావా? వచ్చేటప్పుడు నేను వేయిస్తాలే.

అక్క


కొత్తపేట,
6 అక్టోబరు 2024

ప్రియమైన అక్కకు,

హల్లెలూయా! ఈ రోజు నా మనసు ఎంత నిండుగా ఉందో రాయలేను.

నీ ఉత్తరం జాస్మిన్‌కి చదివి వినిపించాను. కన్నీళ్ళు పెట్టుకుంది. ఇంత పరిశుభ్రమైన కానుకని దాచిపెట్టడమే తప్పండి అంది. నేను మూడు రోజులు ప్రార్థన చేశాను. మంచి పనిని కుంచం కింద దీపంలా దాచకూడదని నాకు గట్టిగా అనిపించింది. ఈ ఆదివారం కృతజ్ఞతా సాక్ష్యం ఇచ్చే వంతు నాది. ఉద్యోగం గురించి చెప్పి, ఉంగరం ఎత్తి చూపించి, దాని కథ చెప్పాను. పెళ్ళి కాని మా అక్క పరాయి దేశంలో ఒక వృద్ధురాలికి పుండ్లు తుడిస్తే, ఆ తల్లి తన వేలి ఉంగరం తీసి ఇచ్చిందని, కన్నకొడుకూ కోడలూ చేయని సేవ మా అక్క చేసిందని చెప్పాను. చర్చి అంతా ఏడ్చింది. పాస్టరుగారు ఉంగరాన్ని పైకెత్తి ప్రార్థించారు. జాస్మిన్ వాళ్ళ నాన్నగారు, అదే మావయ్యగారు, లేచి నా భుజం తట్టారు.

నువ్వు భయపడతావని నాకు తెలుసు. ఇంటివాళ్ళ పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు. నీ పేరు, కువైట్ అనే మాట తప్ప ఏమీ చెప్పలేదు. చర్చి ఆరాధన యూట్యూబులో లైవ్ వస్తుంది కాబట్టి మీ కూడికలో అక్కలందరూ చూసి దేవుణ్ణి మహిమపరచవచ్చు. ఇప్పటికే చాలామంది చూశారు.

ఇక ఆ రాయి మీద ఏ మచ్చా లేదు. నిన్ను చూసి గర్వపడుతున్నాను.

ప్రభువునందు ఆనందిస్తూ,
శ్యామ్ సుందర్


కువైట్,
25 అక్టోబరు 2024

శ్యామ్,

నీ సాక్ష్యం చూశాం. అందరం చూశాం. వీరాయమ్మ ముందుగా చూసింది.

వీరాయమ్మ తన మామాకి చూపించింది. ఆవిడ మా మామాకి చూపించింది. తెలుగు రాకపోయినా ఉంగరం తెలుస్తుంది కదా, అత్తగారి వేలి మీద పాతికేళ్ళు చూసిన ఉంగరం. కొడుకూ కోడలూ చేయని సేవ అన్న మాట ఒక్కటీ మాత్రం వీరాయమ్మ అరబ్బీలోకి చక్కగా మార్చి చెప్పిందట.

నన్ను జుట్టు పట్టుకుని ముసలమ్మ గదిలోకి తీసుకెళ్ళారు. ఉంగరం దీనికి నువ్విచ్చావా అని అడిగారు. ఆ రోజు ఆవిడకి మతి లేదు. నన్ను చూసి, ఈ మనిషెవరు, నా ఉంగరం ఏది అంది. నేను కాళ్ళు పట్టుకుని గుర్తు చేశాను. కాలితో తన్నింది. ఆవిడ తప్పు లేదు.

మామా తమ్ముడు వకీలు. ఆయన వచ్చి మాట్లాడాడు. వాళ్ళకి రాయి కావాలి, పరువు కావాలి. ఉంగరం తెచ్చి చేతిలో పెడితే కేసు లేదు, అనుకున్న రోజుకి పాస్‌పోర్టు ఇచ్చి పంపేస్తారు. తేకపోతే పోలీసులు. నా తమ్ముడు పంపేస్తాడు, చాలా నీతిగా బతికేవాడు అని చెప్పాను. అలాగే అన్నాను, నిజంగా.

దానం అన్నయ్య నవంబరు ఇరవయ్యో తారీకు దాటాక బయలుదేరతాడు. ఉంగరం ఆయన చేతిలో పెట్టు. నిన్ను ఏమీ అనను. మైకు గురించి అనను, లైవ్ గురించి అనను. ఉంగరం పంపెయ్యి. జాస్మిన్‌కి నేను వచ్చేటప్పుడు ఏదైనా కొని తెస్తాను. నాకు ఇంటికి రావాలనుందిరా.

అక్క


కొత్తపేట,
24 నవంబరు 2024

ప్రియమైన అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం ఈ నెల పదిహేనున చేరింది. చదివి చాలా బాధపడ్డాం. జాస్మిన్ రెండు పూటలు అన్నం తినలేదు.

కానీ అక్కా, నీ ఉత్తరం కంటే ముందే కబురు మాకు చేరింది. కె.గంగవరంలో వీరాయమ్మ వాళ్ళ చెల్లెలు, నువ్వు ఉంగరం కొట్టేశావని బస్సులో అందరికీ చెప్పిందట. ఆ మాట మావయ్యగారి చెవిన పడింది. వివాదంలో ఉన్న వస్తువుని ఇంట్లో ఎలా ఉంచుకుంటాం చెప్పు. జాస్మిన్ దాన్ని ముట్టుకోవడానికే ఇష్టపడలేదు. బాగా ఆలోచించి, ఎవరికీ చెందకుండా దేవుడికే ఇచ్చేద్దామనుకున్నాం. నవంబరు రెండో ఆదివారం కోతల పండుగలో కానుకగా పెట్టాం. నీకు తెలుసు కదా, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు అన్నీ వేలం వేస్తారు. ఉంగరాన్ని అమలాపురంలో నగల షాపు శ్రీరాములు గారు పాడుకున్నారు. ఆ సొమ్ముతో చర్చి ప్రహరీ గోడ లేస్తోంది. ఆ రకంగా నీ కానుక దేవుడి పనికే వెళ్ళింది, అందుకు సంతోషించాలి.

నీ ఉత్తరం వచ్చాక ఆ షాపు ముందు నుంచి వెళ్ళాను. ఉంగరం అద్దాల వెనకే ఉంది. లోపలికి వెళ్దామని ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. దేవుడికిచ్చింది వెనక్కి అడగకూడదు. పైగా నీ దగ్గర దాపరికం ఎందుకు, నా పోలీసు వెరిఫికేషన్ ఇంకా అవలేదు. దొంగ సొత్తని మాట పడ్డ వస్తువుని నేను కొని దేశం దాటిస్తే రేపు నన్ను అడుగుతారు. "మీరు అందులోకి దిగకండి, దేవుడే చూసుకుంటాడు" అని మావయ్యగారు గట్టిగా చెప్పారు. నువ్వు నిర్దోషివి. నిర్దోషికి భయం ఉండదు.

ప్రధానం తారీకు మార్చడం కుదరలేదు, అందరికీ చెప్పేశాం. రాయి కూడా దొరికింది. ల్యాబులో తయారైన వజ్రం. గని లేదు, కూలీ లేదు, కాగితం కూడా ఇచ్చారు. జాస్మిన్‌కి నచ్చింది. అయినా నీ విషయం తలుచుకుని తన మనసు తేలిక పడటం లేదు. అందుకని ఒక చిన్న సహాయం. ఈ కొత్త ఉంగరం విషయంలో నాకు ఏ బాధా లేదు, ఎవరి మీదా కోపం లేదు, మనస్ఫూర్తిగా దీవిస్తున్నాను అని రెండు ముక్కలు రాసి పంపు. ప్రధానం రోజు ప్రార్థనకి ముందు చదువుతాం. తను ప్రశాంతంగా ఉంగరం తొడుక్కుంటుంది.

నీ కోసం ఉపవాసం ఉంటున్నాను.

ప్రభువునందు,
శ్యామ్ సుందర్


కువైట్,
13 డిసెంబరు 2024

శ్యామ్ సుందర్‌కి,

నీ ఉత్తరం దానం అన్నయ్య తెచ్చాడు. ఆయన విమానం ఎక్కే ముందు తనంతట తానే శ్రీరాములు షాపుకి వెళ్ళాడట. ఉంగరం అప్పటికి లేదు. రాయి పీకి ఎవరిదో లాకెట్టులో బిగించేశారు. నా సంగతి విని శ్రీరాములు బాధపడ్డాడట. "ఆయ్, ఆళ్ళ తమ్ముడు గారొచ్చి ఒక్క మాట చెబితే, పాడుకున్న రేటుకే ఇచ్చేసేవోణ్ణి కదండీ" అన్నాడట. నువ్వు మెట్టు దాకా వెళ్ళావని దానం అన్నయ్యకి తెలియదు. నేను చెప్పలేదు.

ఇన్నాళ్ళూ నేను వీళ్ళకి ఒకటే చెబుతూ వచ్చాను. నా తమ్ముడు పంపుతాడు, దారిలో ఉంది, రేపో మాపో వస్తుంది అని. నువ్వు పంపవన్న ఆలోచన నాకు ఒక్క పూట కూడా రాలేదు. అదే నాకు సిగ్గుగా ఉంది. పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు గానీ పాస్‌పోర్టు వకీలు తీసుకెళ్ళాడు. ఉంగరం రాకపోతే ముసలమ్మ ఉన్నన్నాళ్ళూ జీతం లేకుండా ఇక్కడే పడి ఉండాలి అన్నారు. సరే అన్నాను. ఆవిడకి మళ్ళీ మతి వస్తే చెబుతుందని ఆశ.

వచ్చింది కూడా. మొన్న సోమవారం స్నానం చేయిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, నేనిచ్చింది పెట్టుకోలేదేం, పెళ్ళి కుదరలేదా అని అడిగింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. పరుగెత్తుకెళ్ళి మామాని పిలుచుకొచ్చేసరికి మళ్ళీ నేనెవరో ఆవిడకి తెలియదు. నేను గోడకి తల బాదుకున్నాను. మామా అది నాటకం అంది.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. తెల్లారాక వకీలుకి కబురు పెట్టమని నేనే అడిగాను.

ఉంగరం నిజంగా ఎక్కడుందని ఆయన అడిగాడు. దానం అన్నయ్య పక్కన నిలబడి అరబ్బీలో చెప్పాడు. తమ్ముడికి పంపానని, వెనక్కి ఇమ్మని అడిగానని, వివాదం సంగతి తెలిసే వేలంలో పెట్టాడని, షాపులో కళ్ళెదుట ఉన్నా తీసుకోలేదని చెప్పాను. నీ పూర్తి పేరు, నాన్న పేరు, ఇంటి నంబరు, లెక్చరరు ఉద్యోగం, దానికి ఇంకా మిగిలిన పోలీసు వెరిఫికేషన్, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వాళ్ళకి కావలసింది ఉంగరం వెనక్కి ఇవ్వని మనిషి. ఇక నాతో పని లేదు. ఫిర్యాదు ఎంబసీ ద్వారా మన జిల్లాకి వెళుతుందట. ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. నీ వెరిఫికేషన్ కంటే ముందే వస్తుందని వకీలు అన్నాడు. ఆ మాట దానం అన్నయ్య నాకు తెలుగులో చెప్పలేక తల దించుకున్నాడు. నాకు ఈపాటి అరబ్బీ వచ్చు.

నువ్వడిగిన రెండు ముక్కలు రాయను. నాకు బాధ ఉంది, కోపం ఉంది, దీవెన లేదు. జాస్మిన్ ఉంగరం తొడుక్కుంటుందో లేదో అది మీ ఇష్టం.

పాస్‌పోర్టు ఇరవై రెండున ఇస్తున్నారు. క్రిస్మస్ ముందు రోజు హైదరాబాదులో దిగి, నీ ఇంటికి రాకుండా తిన్నగా అమ్మ సమాధి దగ్గరికి వెళతాను. నువ్వు ఎదురు రావద్దు. పోలీసు స్టేషన్ నుంచి ఎవరైనా వస్తే ఇంట్లో మనిషి ఉండాలి కదా.

కృపావతి